మేడే నాటి వాన

20 మార్చి 1960. ఆదివారం

ఈ నోటుబుక్కు మా ఆయన ఉప్పు కూలోళ్ళ సంఘం కోసం ముత్తుకూరులో కొన్నాడు. కూటానికి ఎవరెవరు వచ్చినారో, ఏం అనుకున్నారో రాసి పెట్టమన్నాడు. "మన పేటలో గుండ్రంగా రాసేది నువ్వొక్కదానివే మే" అన్నాడు. నేను చదివింది ఐదో క్లాసు వరకే. అది ఆయనకు తెలుసు. అయినా అన్నాడు.

సంఘం ఇంకా పుట్టలేదు. ముందు పేజీలు దానికి వదిలిపెట్టి వెనక నుంచి నా సంగతులు రాసుకుంటున్నాను. అత్తకు చదువు రాదు. ఆయన చూస్తే చూడనీ. వద్దు, చూడకూడదు.

నాకు నాలుగో నెల. ఎవరికీ చెప్పలేదు. పుస్తకానికే ముందు చెప్పినాను.

21 మార్చి

అత్త కనిపెట్టింది. చేపల పులుసు దగ్గర ముక్కు మూసుకుంటే చూసింది. ఆయనకు ఆమే చెప్పింది. బయటికి పోయి ఏతాం తాడుకు ముడి వేసినాడు, విప్పినాడు, మళ్ళీ వేసినాడు.

27 మార్చి. ఆదివారం

ఈ వారం కూడా చర్చికి పోనియ్యలేదు. "ఎండ మండుతుండాది, ఉప్పు తేలుతుండాది. దేవుడు వానాకాలంలో కూడా ఉంటాడు, ఉప్పు ఉండదు" అన్నాడు హెబ్రోను బావ. ఆయన మా పేటవాడే. మా ఆయనకు పెదనాయన కొడుకు. కానీ కామందు దగ్గర మేస్త్రి. చేతికి గడియారం ఉండేది మాలో ఆయనకొక్కడికే.

వేగుచుక్క పొడవక ముందు ఉప్పు కయ్యల్లోకి దిగినాం. దీపాలు పెట్టే వేళ ఇంటికి వచ్చినాం. మగవాళ్ళు ఏతాం తొక్కి ఉప్పుటేటి నీళ్ళు కయ్యలకు పెట్టడం, ఉప్పు గోకడం. ఆడవాళ్ళం గంపలతో కుప్పకు మోయడం. కాళ్ళ పగుళ్ళలోకి ఆ నీళ్ళు పోతే మొదట మంట. తర్వాత కాళ్ళు ఉన్నట్టే తెలియదు.

మగ్దలీనక్క నా గంప సగమే నింపింది, బావ చూడకుండా. పోయిన వేసవిలో ఆమెకు ఏడో నెలలో గట్టు మీదనే బిడ్డ పోయింది. ఆ సంగతి ఎత్తదు. నా గంప మాత్రం సగమే నింపుతుంది.

1 ఏప్రిల్

ఈయన ముత్తుకూరు నుంచి చీకటి పడినాక వచ్చినాడు. అక్కడ మీరావలి అని టైలరు ఉన్నాడు. మిషను తొక్కుతూనే పేపరు చదివి నలుగురికీ వినిపిస్తాడంట. కాళ్ళు మిషను మీద, కళ్ళు పేపరు మీద. అందుకే ఆయన కుట్టిన చొక్కాలకు ఒక చెయ్యి పొడుగు.

సంగటి తింటూ ఈయన చెప్పినాడు. అమెరికాలో షికాగో అని ఊరంట. ఇది జరిగి డెబ్బై ఏళ్ళు దాటిందంట. అక్కడ పనివాళ్ళు కూడా పొద్దు పొడవక ముందు పోయి పొద్దు గుంకినాక వచ్చేవాళ్ళంట. ఒక మే నెల ఒకటో తేదీన అందరూ పని దించేసి, ఎనిమిది గంటలే చేస్తాం అన్నారంట. రెండు మూడు రోజులకు పోలీసుల కాల్పులు. కూటంలో ఎవరో బాంబు వేసినారు. ఎవరు వేసిందీ తేలలేదు. కూలోళ్ళ తరపున మాట్లాడినవాళ్ళను పట్టుకుని నలుగురిని ఉరి తీసినారు. వాళ్ళను తలుచుకుని అన్ని దేశాల పనివాళ్ళూ ఆ తేదీని తమ పండగ చేసుకున్నారు. మదరాసు సముద్రపు ఒడ్డున ముప్పై ఏడేళ్ళ కిందటే చేసినారంట.

నేను అడగకుండా ఉండలేకపోయినాను. "అమెరికా అంటే మన చర్చి మిషను దొరసాన్లదేనా?"

"అదే."

"పాలపొడి పంపిస్తారే, ఆ అమెరికాలోనా ఉరి తీసింది?"

ఆయన చెయ్యి సంగటిలో ఆగింది. "పాలపొడి పంపేవాళ్ళు వేరే. ఉరి తీసినోళ్ళు వేరే" అన్నాడు. తర్వాత, "ఉరి పడినోళ్ళు కూడా ఆడోళ్ళే" అన్నాడు.

అత్త గోడవతల నుంచి, "ఆడోళ్ళను ఉరి తీసినారా?" అంది.

"ఆడ ఉండేవోళ్ళు అంటుండానమ్మా!"

నాకు చాలా రోజులకు నవ్వు వచ్చింది.

2 ఏప్రిల్

ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు నిద్ర, ఎనిమిది గంటలు మన ఇష్టం. అది వాళ్ళు అడిగింది. గంపతో నడుస్తూ అదే అనుకున్నాను. నా ఇష్టానికి ఎనిమిది గంటలు ఇస్తే ఏం చేస్తాను? తల దువ్వుకుంటాను. చిక్కు తీసుకుని, నూనె పెట్టుకుని, నిదానంగా. ఆ తర్వాత? ఎంత ఆలోచించినా ఇంకేమీ తట్టలేదు.

అత్తతో అంటే, "ఆ ఎనిమిది గంటలూ నీళ్ళెవురు తెచ్చేది? నీ మొగుడి సంఘం తెస్తదా?" అంది.

10 ఏప్రిల్. ఆదివారం

సంఘం పుట్టింది. చర్చి వెనక, దీపం పెట్టుకుని. ముందు పేజీల్లో పేర్లు రాసినాను. అక్కడ రాయనివి ఇక్కడ రాస్తున్నాను.

ఈయన నిలబడి మాట్లాడినాడు. ఇంట్లో మాట్లాడే మనిషి కాదు. రోజుకు ఎనిమిది గంటలే. ఐదో నెల దాటిన ఆడవాళ్ళు గంప ఎత్తకూడదు, నీడలో పని ఇవ్వాల. ఇవి రెండూ అడగాలని, అడిగే ముందు మే ఒకటో తేదీన ఎవరూ కయ్యలో కాలు పెట్టకూడదని. ఐదో నెల అన్నప్పుడు నా వైపు చూడలేదు. అందరూ చూసినారు. నేను పుస్తకంలో తల పెట్టుకున్నాను.

మగ్దలీనక్క లేచింది. "బాగుండాది అబ్బయ్యా. ఎనిమిది గంటలైందని ఎవురు చెప్పాల?"

"గడియారం."

"గడియారం ఎవురికుండాది?"

అక్క తన ఒట్టి మణికట్టు దీపం ముందు పెట్టి చూపింది.

"హెబ్రోనుకు. అయితే ఆ ఎనిమిది గంటలు వేగుచుక్క నించి దీపాల దాకా సాగుతాయిలే" అంది. దీపం ఆరిపోయేంత నవ్వినారు.

హెబ్రోను బావ చీకట్లో వింటున్నట్టున్నాడు. ముందుకు వచ్చి, "నవ్వండి నవ్వండి. ఎవురి ఉప్పు తింటుండారో అది మాత్రం మరవమాకండి" అన్నాడు.

"మేం చేసిన ఉప్పే గదంటయ్యా, కామందు తింటుండాడు?" అంది అక్క.

అత్త ఒక్కతే నవ్వలేదు. "ఆ పొద్దు వానొస్తేనో?" అని అడిగింది. రోజూ ఇచ్చేది బియ్యానికే సరి. అసలు కూలి సీజను ఆఖరున కుప్ప కాటా వేసినాకే. వానకు కుప్ప కరిగితే కాటా లేదు, కూలి లేదు. అది అందరికీ తెలుసు.

"మే నెలలో వానేందమ్మా?" అన్నాడు ఈయన.

"సముద్రం పక్కన కాపురముండి ఆ మాట అనకూడదు" అంది.

17 ఏప్రిల్

ఈస్టరు. చీకట్లోనే ఆరాధన, చీకట్లోనే కయ్యలు. బయటికి వచ్చేటప్పుడు పాస్టరుగారు ఈయనతో మెల్లగా అన్నారు, "మే ఒకటి ఆదివారమే పడింది తిమోతీ. ఆదివారం పని మానితే తప్పు పట్టేదెవరు?" ఈయన మొహం వెలిగిపోయింది. పెండ్లి నాడు కూడా అంత వెలుగు చూడలేదు.

24 ఏప్రిల్

నడుం లాగుతోంది. పక్కింటివాళ్ళు బొప్పాయి ముక్క ఇస్తే తిన్నాను. అత్త తిట్టింది, కడుపుతో ఉన్నవాళ్ళు తినకూడదంట. ఏమీ కాలేదు.

28 ఏప్రిల్

మీరావలి అన్న ఎర్ర గుడ్డ పంపినాడు. కొత్తది. గంజి వాసన. అంచు నాలుగు వైపులా ఒక్కటే కొలత, ఏ మూలా పొడుగు లేదు. జెండాకైతే కళ్ళు పేపరు మీద పెట్టలేదేమో.

1 మే 1960. ఆదివారం

పగలు రాస్తున్నాను. పగలు కూర్చుని రాయడం నా పెండ్లయినాక ఇదే మొదలు.

ఉప్పుటేటి గట్టు మీద సరుగుడు కొయ్యకు జెండా కట్టినారు. మీరావలి అన్న సైకిలు మీద వచ్చి, షికాగో సంగతి చెప్పి, పకోడీల పొట్లం పంచి పోయినాడు. ఆయన చెప్పేటప్పుడు ఒక్కరూ దగ్గలేదు. ఉరి తీసేటప్పుడు వాళ్ళకు తెల్ల ముసుగులు వేసినారంట. ముసలివాళ్ళు టోపీలు, తలపాగాలు తీసినారు, చర్చిలో మాదిరి.

తర్వాత ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. మగవాళ్ళు కాసేపు నిలబడి, ఒక్కొక్కరే గట్టు నీడన పండుకున్నారు. ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు కూర్చుని తలలు చూసుకుంటున్నారు. మగ్దలీనక్క నా చిక్కు తీసింది. "షికాగోవోళ్ళు ఉరికెక్కింది నీ పేల కోసమే మే" అంది. కయ్యలు ఎదురుగా తెల్లగా మెరుస్తున్నాయి, ఎవరూ లేకుండా. కుప్ప అంత పెద్దదని ఎప్పుడూ చూడలేదు. మోసేటప్పుడు అడుగు వేసే చోటే కనపడుతుంది.

కాళ్ళు ఆరినాయి. పగటిపూట ఆరిన కాళ్ళు ఎట్లా ఉంటాయో మరిచిపోయినాను. నావి కావనిపించింది.

అట్లా ఊరికే కూర్చున్నప్పుడు లోపల కదిలింది. మొదటిసారి. చేప పిల్ల తోక ఆడించినట్టు. ఇంతకు ముందు కూడా కదిలిందేమో, గంప కింద నాకు తెలియలేదేమో. ఎవరికి చెప్పాలి? ఆయన మగవాళ్ళ మధ్యలో ఉన్నాడు. సాయంత్రం చెప్తాను. ఈ సారి పుస్తకానికి కాదు, ఆయనకే ముందు చెప్పాలి. రాసేసినాను కదా. సరే, రెండోది ఆయన.

గాలి మారింది. అత్త చెయ్యి అడ్డం పెట్టుకుని తూర్పు చూస్తోంది.

2 మే

పనికి పోయి వచ్చినాను. అందరం పోయినాం.

నిన్నటిది రాయాలి. ఒకసారి రాస్తే పోతుందేమో.

మబ్బు సముద్రం మీద నుంచి లేచింది. హెబ్రోను బావ గట్టు ఎక్కి వచ్చినాడు. ఏమీ తిట్టలేదు. "కప్పే తడికలు కుప్ప పక్కనే ఉండాయి. మీ ఆరు నెలల కూలి దాంట్లోనే ఉండాది. నాకేంది, నాకు నెల జీతం" అన్నాడు. గట్టు మీద గడియారం చూసుకుంటూ నిలబడినాడు.

అందరూ ఈయన వైపు చూసినారు. ఈయన జెండా కొయ్య పట్టుకుని, "కూర్చోండి. కరిగితే కామందుదీ కరుగుతది. మనకు లేనిది పోతది, ఆయనకు ఉండేది పోతది. ఈ ఒక్క పొద్దు కూర్చోండి" అన్నాడు. కూర్చున్నారు. ముసలివాళ్ళు కూడా. మగ్దలీనక్క నా చెయ్యి పట్టుకుంది.

చినుకులు పడినాయి. పెద్దవి. ఒకటి నా పాదం మీద పడింది. ఎవరూ లేవలేదు.

ఆయన లేచినాడు.

ఆయనే. జెండా కొయ్య వదిలి కుప్ప వైపు పరుగెత్తినాడు. ముందు తడిక ఎత్తింది ఆయనే. ఒక్క క్షణం అందరం చూసినాం. తర్వాత గట్టు మీద ఎవరూ మిగల్లేదు. నన్నెవరూ రమ్మనలేదు. ఆయన కూర్చోమన్నాడు, నేను పోయినాను. తాటాకు తడికలు తడిస్తే ఎంత బరువో. నిచ్చెన మీదికి అందించినాను. ఆయన పైనుంచి అందుకున్నాడు. నా చేతిలోది అందుకున్నప్పుడు కూడా నన్ను చూడలేదు, తడికనే చూసినాడు.

వాన అన్నం ఉడికేంత సేపు కూడా లేదు. ఎండ వచ్చింది. కుప్పకు ఏమీ కాలేదు. కప్పకపోయినా పైపొర కరిగేదేమో, అంతే.

కామందు కారులో వచ్చి మజ్జిగ, బెల్లం పంచినాడు. "నా బిడ్డలు" అన్నాడు. ఈయన భుజం తట్టినాడు. "మీ పండగ మీరు చేసుకోండి తిమోతీ, నేను వద్దన్నానా? నేను పిలిచినానా? మీరే వచ్చినారు." మజ్జిగ గ్లాసు ఈయన చేతిలో ఉంది. తాగినాడా, పారబోసినాడా, నేను చూడలేదు.

కదిలిన సంగతి చెప్పలేదు.

3 మే

నడుం నొప్పి. తాటి మట్ట గీసుకున్న చోట ఉప్పు మంట. గంపలు మోసినాను. అక్క సగమే నింపింది.

4 మే

ఈ రోజు కదల్లేదు. నిద్రపోతోందేమో.

6 మే

అత్త మంత్రసానిని పిలిపించింది. ఆమె చెయ్యి పెట్టి చూసి, ఏమీ లేదులే పండుకో అంది. ఏమీ లేదంది. భయం ఏమీ లేదని.

11 మే

మగపిల్లోడు. చెవులు కూడా ఉన్నాయి.

ఇంట్లో కొత్త గుడ్డ అదొక్కటే ఉండింది. ఆయనే చుట్టినాడు. గట్టు కింద సరుగుడు చెట్ల దగ్గర పెట్టినారు. నేను పోలేదు. అత్త చెప్పింది, ఎర్ర గుడ్డ ఏంది అని ఎవరూ అడగలేదంట.

బొప్పాయి తినకుండా ఉండవలసింది.

12 మే

ఆ బొప్పాయి ముక్కే.

19 మే

పనికి పోయినాను. ఇప్పుడు అక్క గంప నిండా నింపుతోంది. నింపేటప్పుడు నా మొహం చూడదు.

కయ్యల్లో ఈయనకు కొత్త పేరు పెట్టినారు. పరుగు తిమోతి. "పరుగన్నా, మబ్బేమన్నా కనపడతుందా?" అని ఒకడు అరుస్తాడు, పది మంది నవ్వుతారు. మే ఒకటిన టోపీలు తీసినవాళ్ళే. ఈయన ఏతాం దిగడు, తల తిప్పడు. హెబ్రోను బావ ఒక్కడే నవ్వడు. "మా వాడు పనోడు. వాడి రక్తంలో ఉండాది" అంటాడు. ఆ మాటకే ఈయన మొహం మాడిపోతుంది.

సంఘానికి ఎవరూ రావడం లేదు. ముందు పేజీల్లో ఆ పేర్ల తర్వాత అంతా తెల్లగా ఉంది.

29 మే

కూలి కోసమే పరుగెత్తినాడు. అందరి కూలి అందులో ఉంది. బాధ్యత గలవాడు ఎవరైనా అదే చేస్తాడు. రేపు అక్కకు చెప్పాలి.

30 మే

చెప్పలేదు. చెప్తే అక్క అడుగుతుంది, కూలి కోసమైతే కూర్చోమని ఎందుకన్నాడు అని.

11 జూన్

ఆయన మాట్లాడినాడు. ఇన్నాళ్ళకు. నేను పొయ్యి దగ్గర, ఆయన గడప మీద.

"నువ్వెందుకొచ్చినావ్ మే, ఆ పొద్దు?"

నేను పుల్ల తోసినాను.

"కూర్చోమన్నా గదా నిన్ను. నువ్వు కూర్చుని ఉంటే..."

నాకు రాయడం వచ్చు, చెప్పడం రాదు. రాస్తే ఇది: నువ్వు పోయినావు, అందుకే వచ్చినాను. అది నోట్లో ఉంది. బయటికి రాలేదు. రాకపోవడమే మేలనుకున్నాను. ఆయన నా మొహంలో చదువుకున్నాడేమో. లేచి పోయినాడు.

బొప్పాయి వల్లనే అని చెప్పి ఉంటే సరిపోయేది. కానీ అది తిన్నది ఏప్రిల్లో. మే ఒకటిన కదిలింది కదా.

12 జూన్. ఆదివారం

ఆయన బిట్రగుంట పోయినాడు. అక్కడ రైలు పనివాళ్ళ సంఘం గట్టిదంట, వాళ్ళతో మాట్లాడి వస్తానన్నాడు. "శనివారానికి వస్తా" అన్నాడు. సంగటి ముద్ద, ఎండు చేప కట్టిచ్చినాను. తీసుకున్నాడు. జాగ్రత్త అనలేదు నేను. మనసులో అన్నాను.

18 జూన్

శనివారం. రాలేదు. బస్సు దొరకలేదేమో.

25 జూన్

శనివారం.

2 జూలై

శనివారం అన్నాడు గానీ ఏ శనివారమో అనలేదు.

19 జూలై

మీరావలి అన్న వచ్చినాడు. రైల్వే వాళ్ళు, పోస్టాఫీసు వాళ్ళు దేశమంతా సమ్మె చేసినారంట, చాలామందిని జైల్లో పెట్టినారంట. బిట్రగుంటలో కూడా పట్టుకుని ఉంటారు. మరి అందుకే రాలేదు! అత్తకు చెప్పినాను. "జైల్లోనా?" అని ఏడ్చింది. నేను ఏడవలేదు. జైల్లో పూటకింత పెడతారు. పని ఉన్నా గంటలు కొట్టి ఆపుతారంట.

ఈ రాత్రి నిద్ర పట్టేట్టుంది.

21 ఆగస్టు

అందరినీ వదిలిపెట్టినారంట. మీరావలి అన్న బిట్రగుంట పోయి అడిగి వచ్చినాడు. జైలుకు పోయినవాళ్ళలో తిమోతి అనే పేరు లేదంట. జూన్‌లో ఒకతను వచ్చి సంఘం ఆఫీసు ముందు చాలాసేపు నిలబడినాడంట. లోపలికి రమ్మంటే రాలేదంట. అతను ఈయనే అని ఎట్లా చెప్తాం? వేరే ఎవరో.

అన్న పోయేటప్పుడు, "చెల్లెమ్మా, తప్పు నాదే. ఆ కథ నేను చెప్పుండకూడదు" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపినాను. ఆయన చూసినాడో లేదో.

4 సెప్టెంబరు

కుప్ప కాటా వేసినారు. ఆయన కూలి కూడా అత్త చేతిలో పోసినారు. అత్త దాన్ని ముట్టుకోకుండా కొంగులో అట్లాగే పట్టుకుని ఇంటి దాకా వచ్చింది.

24 డిసెంబరు

పండక్కి వస్తాడు. ఎక్కడున్నా క్రిస్మస్‌కు ఇంటికి రాని మనిషి ఉండడు. గోడలకు సున్నం వేసినాను. ఆయన చొక్కా ఉతికి ఆరేసినాను.

25 డిసెంబరు

చొక్కా మడత పెట్టినాను.

19 ఫిబ్రవరి 1961

మదరాసు హార్బరులో బస్తాలు మోస్తుంటే చూసినామని ఎవరో అన్నారంట. పలకరిస్తే తల తిప్పుకున్నాడంట. అత్త పోదామంది. నేను వద్దన్నాను. ఆయన కాకపోతే దారి ఖర్చు దండగ. ఆయన అయితే తల తిప్పుకున్నాడు కదా.

అత్త ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

16 ఏప్రిల్

కొత్త కుప్ప లేస్తోంది. నిరుడు అంత ఉంది. సంఘం మాట ఎవరూ ఎత్తరు. అక్క కూడా. ఐదో నెల అమ్మాయి ఒకతె మాలో ఉంది. ఆమె గంప నేను నింపుతున్నాను.

30 ఏప్రిల్

ఏమీ లేదు. రేపు సోమవారం.

1 మే 1961

పగలు రాస్తున్నాను. పనికి పోలేదు.

చీకట్లో అత్త లేపింది. "నేను రాను" అన్నాను. దీపం నా మొహం దగ్గర పెట్టి చూసింది. గంప తీసుకుని పోయింది.

ఎండ ఎక్కినాక హెబ్రోను బావ వాకిట్లోకి వచ్చినాడు. "ఏమ్మా నవోమీ, జ్వరమా?"

నేను బావ ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. గడప లోపల నుంచి చెప్పినాను. "జ్వరం లేదు బావా. ఈ పొద్దు సెలవు."

"సెలవా? ఎవురిచ్చినారు?"

"ఎవురూ ఇయ్యల."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గడియారం చూసుకుని పోయినాడు.

జెండా లేదు. అది ఎక్కడుందో నాకు తెలుసు. తల దువ్వుకున్నాను, చిక్కు తీసి, నూనె పెట్టి. తర్వాత ఏం చెయ్యాలో నిరుటి మాదిరే తెలియలేదు. చాప వేసుకుని కూర్చున్నాను. లోపల కదిలేది ఏమీ లేదు. అయినా కాసేపు చూసినాను.

మధ్యాహ్నం దాటినాక కయ్యల దగ్గర అరుపు. "మబ్బు! మబ్బు!" పేటలో ఉన్న ముసలివాళ్ళు కూడా మా వాకిలి ముందు నుంచి పరుగెత్తినారు. అత్త గొంతు వినపడింది. గట్టు మీద నుంచి పిలుస్తోంది. "నవోమీ! కుప్ప! రా పిల్లా!"

నేను పోకూడదని ముందే అనుకున్నాను. పది రోజులుగా అనుకుంటున్నాను. మబ్బు వచ్చినా లేవకూడదని, ఎవరు పిలిచినా.

చూసుకునేసరికి వాకిట్లో ఉన్నాను. ఎప్పుడు లేచినానో తెలియదు. చాప మీద పెన్సిలు ఎట్లా వదిలినానో తెలియదు. రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నాయి, తడిక అందుకునేట్టు. నా ఎదురుగా తడిక లేదు, ఎవరూ లేరు. చేతులు మాత్రం చాచి ఉన్నాయి.

అట్లా నిలబడి చూసుకున్నాను వాటిని.

అయితే ఇది. ఆయన కూలి కోసం పోలేదు. కామందు కోసం పోలేదు. పోవాలని కూడా పోలేదు. చిన్నప్పటి నుంచి చినుకు పడితే పరుగెత్తిన చేతులు. ఎనిమిది గంటలు అడిగినవాడు ఆ పొద్దు తన చేతులకు మాత్రం సెలవు ఇవ్వలేకపోయినాడు. సంవత్సరం పాటు అందరూ నవ్వినారు, నేను సాకులు వెతికినాను, ఎందుకు లేచినావని ఒక్కరం కూడా అడగలేదు. ఆయనకు కూడా తెలిసి ఉండదు. తెలిసి ఉంటే బిట్రగుంటలో ఆ గుమ్మం లోపలికి పోయి ఉండేవాడు.

ఇప్పుడు నేను చెప్పగలను. చెప్పేదానికి ఆయన లేడు.

లోపలికి వచ్చినాను. చేతులు చాప మీద పెట్టి వాటి మీద కూర్చున్నాను, గట్టిగా. అవి కింద కొట్టుకుంటూనే ఉన్నాయి. బయట అరుపులు, నిచ్చెన వేసే చప్పుడు, తాటాకుల చప్పుడు. తర్వాత ఏమీ లేదు. చినుకు పడలేదు. మబ్బు తేలిపోయింది.

అత్త తడికల దుమ్ముతో వచ్చింది. వాకిట్లో నిలబడి నన్ను, నా కింద ఉన్న చేతులను చూసింది. తిడుతుందనుకున్నాను. మూల ఉన్న ఖాళీ బిందె తీసి చంకన పెట్టుకుని బావికి పోయింది. నిండు బిందె తెచ్చి నా ముందు దించింది.

అరచేతుల మీద చాప అచ్చు పడింది. ఇంకా పోలేదు.

వాకిట్లో ఎండ ఉంది. ఎనిమిది గంటలు అయినాయో లేదో తెలియదు. గడియారం హెబ్రోను బావ చేతికే ఉంది.